చెయ్యెత్తితే గట్టిమేళం

గువ్వలపాడు సన్నాయిమేళం వాళ్ళకి తమ తెలివి మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. దేవుడు తెలివి పంచిపెట్టినరోజు తామే ముందు వరసలో నిలబడ్డామని సన్నాయి కనకలింగం కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు. నిలబడ్డ మాట నిజమే కావచ్చు. గిన్నె మాత్రం బోర్లా పట్టుకున్నట్టున్నాడు.

మేళమంటే ముగ్గురే. సన్నాయి కనకలింగం, డోలు అతని తమ్ముడు గోవర్ధనం, తాళం వేసేది కనకలింగం భార్య అచ్చాయమ్మ. ఈ మధ్య పెళ్ళిళ్ళన్నీ డీజేవాళ్ళు ఎగరేసుకుపోయారు. మిగిలింది ఒక్కటే, సర్పంచ్ వెంకటనరసయ్య కూతురి పెళ్ళి. అది బాగా జరిగితే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిలుపులొస్తాయి. లేదంటే తాత వాయించిన సన్నాయి అటకెక్కుతుంది. ఆ దిగులుతో కనకలింగానికి అన్నం సయించడం లేదు.

అంతలో సెల్‌ఫోన్ల కొట్టు మస్తాన్ ఒక దారి చెప్పాడు. రోజూ ఫోన్లో లైవ్ పెట్టి వాయిస్తే, నచ్చినవాళ్ళు కానుకలు పంపుతారు, అవి డబ్బులవుతాయి అన్నాడు. చూసేవాళ్ళని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకోమన్నాడు. లైవ్ నడుస్తున్నంతసేపూ వాళ్ళ మాట తప్ప పక్కవాళ్ళ మాట వినొద్దని కూడా అన్నాడు. పాపం, ఎవరితో చెబుతున్నాడో చూసుకోలేదు.

ఇంకేముంది, మొదటిరోజే నూట పాతిక మంది చూస్తున్నారని తెర మీద పడింది. చుట్టాలని పస్తు పంపుతామా అని అచ్చాయమ్మ గుండిగ నిండా పులిహోర కలిపింది. ఫోన్ ముందు విస్తరి వేసి, వడ్డించి, మొహమాటపడొద్దని బతిమాలింది. చుట్టాలు ముట్టలేదు. సాయంత్రానికి పులిహోర గేదెల దగ్గరికి, మర్నాటికి గేదెలు పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాయి. ఫోన్లో జనం పడీ పడీ నవ్వి మరో నలుగురికి చెప్పారు. చూసేవాళ్ళు పెరిగారు. అదంతా తన కల్యాణిరాగం మహిమేనని కనకలింగం తేల్చేశాడు.

ఆ తరవాత ఎవరో పుణ్యాత్ముడు గులాబీలు పంపాడు. బొమ్మ గులాబీలే, కానీ కానుక కింద లెక్క, కొన్నాళ్ళకి డబ్బులవుతాయి. అన్నాళ్ళు ఆగితే కదా! పువ్వులు వాడిపోతాయని అచ్చాయమ్మ ఫోన్‌ని తడిగుడ్డలో చుట్టి మంచినీళ్ళ కుండ మీద పెట్టింది. తెల్లారేసరికి పువ్వులూ పోయాయి, ఫోనూ పోయింది. నీళ్ళు చాల్లేదు వదినా, నేను చెబుతూనే ఉన్నాను అని గోవర్ధనం నొచ్చుకున్నాడు. అంతే, తన ఫోన్ బయటికి తీశాడు.

ఇక చేతుల సంగతి. పెళ్ళిలో తాళి కట్టే క్షణం రాగానే పంతులుగారు చెయ్యెత్తుతారు. చెయ్యి లేచిందా, వాయిస్తున్న పాట ఎక్కడున్నా వదిలేసి డోలూ సన్నాయీ ఒక్కసారిగా హోరెత్తాలి. అదే గట్టిమేళం. ఫోన్లో జనమేమో మెచ్చుకుంటూ చేతుల బొమ్మలు పంపుతున్నారు. కనకలింగం ఒక చెయ్యి చూశాడు, గట్టిమేళం. ఇంకో చెయ్యి, ఇంకో గట్టిమేళం. ఇది కనిపెట్టిన ఆకతాయిలు ఊరుకుంటారా? మధ్యాహ్నమంతా చేతులే చేతులు. గోవర్ధనం వేళ్ళు బొబ్బలెక్కాయి. పక్కింటికి పురిటికొచ్చిన పిల్ల బిడ్డనెత్తుకుని అత్తారింటికి పారిపోయింది. ఒక్క పూటలో ఇన్ని పెళ్ళిళ్ళు ఏ మేళం వాయించిందని కనకలింగం మీసం దువ్వుకున్నాడు.

సర్పంచ్ కూతురి పెళ్ళి రానే వచ్చింది. పందిట్లో మేళానికి ఎదురుగా ఫోన్‌ని కర్రకి కట్టి లైవ్ పెట్టారు. ముహూర్తం దగ్గరపడింది. పంతులుగారు చెయ్యెత్తారు. మేళం తాపీగా కీర్తన సాగదీస్తోంది. గట్టిమేళం, గట్టిమేళం అని ఆయన గొంతు చించుకున్నారు. మళ్ళీ అదే కీర్తన. అచ్చాయమ్మ మొగుణ్ణి మోచేత్తో పొడిచింది.

"ఏవండీ, పంతులుగారు చెయ్యెత్తారు."

కనకలింగం సన్నాయి నోట్లోంచి తీశాడు. "ఆయన మన లైవ్ చూస్తున్నారా? చూస్తుంటే అందులో ఎత్తాలి."

గట్టిమేళం లేకుండా తాళి కడితే అశుభమని పెళ్ళికొడుకు తల్లి గోల. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని అలాగే నిలబడ్డాడు. సర్పంచ్ పరుగున వచ్చి గడ్డం పట్టుకుని బతిమాలాడు. లైవ్ నడుస్తోంది కాబట్టి కనకలింగం ఒక్క ముక్క చెవిన పెట్టలేదు. ఇంకేముంది, సర్పంచ్ పందిరంతా వినపడేలా కేకేశాడు, అందరూ ఫోన్లు తీసి లైవ్‌లో చేతులెత్తండని.

పందిట్లో ఉన్న ప్రతివాడూ ఫోన్ తీశాడు. పంతులుగారు దర్భలు పక్కన పెట్టి ఫోన్ తీశారు. పెళ్ళికొడుకు తాళి పళ్ళెంలో పెట్టి తనూ ఫోన్ తీశాడు. తెర నిండా చేతులు. గట్టిమేళం పందిరి ఎగిరిపోయేలా మోగింది. ఒక్కరూ తల ఎత్తలేదు, అక్షింతలు కూడా ఎవరి ఫోన్ మీద వాళ్ళే చల్లుకున్నారు.

హోరు తగ్గాక పెళ్ళికూతురు మెడ తడుముకుంది. బోసిమెడ. తాళి పళ్ళెంలోనే ఉంది, ముహూర్తం దాటిపోయింది. ఊళ్ళో తెలివితక్కువవాళ్ళు ముగ్గురేనని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఇప్పుడు లెక్క మీరే వేసుకోండి.

సర్పంచ్‌కి ఏడుపొక్కటే తక్కువ. డీజేకి కబురుపెట్టి, తూలుకుంటూ వచ్చి మేళం వెనక నిలబడ్డాడు. "నాయనలారా, మీకో దణ్ణం, ఇక లేచి వెళ్ళండి" అని రెండు చేతులూ తలపైకెత్తి జోడించాడు.

ఆ మాట కనకలింగం విననే లేదు. కానీ ఫోన్ తెరలో తన తల వెనక రెండు చేతులు లేవడం మాత్రం కళ్ళారా చూశాడు. ఇక పిలుపులకి కొదవ లేదని అతని కళ్ళు చెమర్చాయి.

"తమ్ముడూ, సర్పంచ్‌గారే లైవ్‌లోకొచ్చి చెయ్యెత్తారురా. అదీ రెండు చేతులూ" అన్నాడు.

అంతే, రెండు గట్టిమేళాలు.