గెడ్డలో వదిలిన సొరకాయ

కాఫీ కొండ మీద బొంజన్న ఇంటివాళ్ళకి ఒకటే గొప్ప. "చెప్పింది చెప్పినట్టు చెయ్యాలంటే బుర్ర ఉండాలి. ఆ బుర్ర ఈ చుట్టుపక్కల మన ముగ్గురికే ఉంది," అనేవాడు బొంజన్న. భార్య కోసమ్మ, తమ్ముడు దొమ్ము తల ఊపేవాళ్ళు.

ఆ ఏడు న్యాయమైన ధరకి కాఫీ కొనేవాళ్ళు రైతుల సంఘానికి ధర పైన కొంత డబ్బు కలిపి ఇచ్చారు. కాఫీ పండు ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది, వానాకాలం మాత్రం కూరకి కటకట. అందుకని ఆ డబ్బుతో సంఘం ఇంటింటికీ పెరటి తోట విత్తనాలు పంచింది. పంచడానికి సంఘం తరఫున సుభద్రమ్మ వచ్చింది. బెండ, తోటకూర, సొర గింజలు ఇచ్చి, "రెండు పూటలా నీళ్ళు చూపించండి," అని చెప్పి వెళ్ళింది.

ఇంకేముంది, కోసమ్మ పొద్దునా సాయంత్రం బిందెడు నీళ్ళు తెచ్చి గింజలు నాటిన మడి ముందు పెట్టేది. "చూశారా? బాగా చూడండి," అని గింజలకి చెప్పి మళ్ళీ ఇంట్లోకి పట్టుకుపోయేది. అదృష్టం కొద్దీ వాన పడి మొలకలొచ్చాయి.

"కోళ్ళు తినేస్తాయి, కంటికి రెప్పలా కాసుకోండి," అంది మళ్ళీ వచ్చిన సుభద్రమ్మ.

"రెప్ప ఏం చేస్తుంది అన్నా?" అడిగాడు దొమ్ము.

"మూసుకుంటుంది, తెరుచుకుంటుంది."

అంతే. అన్నదమ్ములు చెరో కొస పట్టుకుని మడి మీద చాప దించడం, ఎత్తడం మొదలెట్టారు. చాప లేచినప్పుడు కోళ్ళు దూరేవి, దిగేలోపు నాలుగు మొలకలు మేసి బయటికొచ్చేవి. చేతులు పడిపోయినా బొంజన్న మాత్రం రెప్ప ఆపలేదు.

ఎలాగో కొన్ని మొక్కలు బతికాయి. ఒకరోజు సంఘం మీటింగులో సుభద్రమ్మ, "న్యాయమంటే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ ఉండకూడదు," అంది. బొంజన్న ఇంటికొచ్చి చూస్తే బెండ మోకాలెత్తు, తోటకూర జానెడు. అతని మనసు చివుక్కుమంది. "మన పెరట్లోనే ఇంత అన్యాయమా," అని కత్తి తెచ్చి బెండ మొక్కలన్నీ జానెడుకి నరికేశాడు. ఆ పక్కన తోటకూర కూడా చిన్నాపెద్దా ఉంటే, దాన్నీ సరిచేసి సరిచేసి చివరికి మట్టికి సమానం చేశాడు. సొరపాదు నేలమీద పడుకుని ఉంది కనక దాని ఎత్తు తేలలేదు, బతికిపోయింది.

సుభద్రమ్మ వచ్చి ఆ నరుకుడు చూసింది. "బొంజన్నా, నీకు దండం పెడతాను. ఇక ఈ తోట జోలికి పోకండి," అంది.

పోలేదు. ఎవరూ ముట్టుకోకపోవడంతో సొరపాదు కంచె ఎక్కి గుత్తులు గుత్తులుగా కాసింది. వానలు పట్టుకున్నాయి, ఇంట్లో కూర నిండుకుంది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని, కాయల వంక చూస్తూ ఉప్పేసుకుని అంబలి తాగారు. నెల తర్వాత సుభద్రమ్మ వచ్చేసరికి ముగ్గురి బుగ్గలూ లోపలికి పోయి ఉన్నాయి.

"కాయలుండగా ఈ పస్తులేమిటి?"

"జోలికి పోవద్దన్నారు కదమ్మా," అన్నాడు బొంజన్న నీరసంగా.

ఆమె తల పట్టుకుంది. "కోసుకుని కడుపునిండా తినండి. ఒక్క మంచి కాయ మాత్రం విత్తనానికి వదిలెయ్యండి. వచ్చే ఏడు మళ్ళీ మీ ఇంటికే వస్తుంది."

నాలుగు రోజులు సొరకాయ పులుసు, సొరకాయ కూర. ఆ తిండితో బొంజన్న ముఖం తేటపడింది. అయిదోరోజు సుభద్రమ్మ వచ్చేసరికి ముగ్గురూ తాళం వేసిన తలుపు ముందు వానలో తడుస్తూ నిలబడి ఉన్నారు.

"విత్తనం కాయ వదిలారా?"

"కొండ కింద పారే గెడ్డలో వదిలేశామమ్మా. మలుపు తిరిగేదాకా చూసి మరీ వచ్చాం," అన్నాడు బొంజన్న.

"మరి బయట నిలబడ్డారేం?"

"వచ్చే ఏడు అది వచ్చే వేళకి మేం కాఫీ కోతకి పోయి ఉంటే పాపం లోపలికెలా వస్తుంది? అందుకని ఇంటి తాళంచెవి దాని మెడకే కట్టి పంపాం."