గీత పైన ఆట, గీత కింద పిడకలు

కొండవానిపాలెం ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో వైకుంఠరావు అనే డ్రిల్లు మాస్టారు ఉండేవారు. "తప్పు నాదే" అన్న మాట ఆయన నోట ఎవరూ వినలేదు. విజిల్ ఎక్కడో పెట్టి మరిచిపోతే, తప్పు విజిల్‌దే అనేవారు.

బడి వెనక తెల్లదొరలు కట్టించిన మూడు గోడలున్నాయి. దొరలు అక్కడ ఫైవ్స్ అనే ఆట ఆడేవారట. చేతికి తొడుగు వేసుకుని, అరచేత్తో బంతిని గోడకి కొట్టాలి. గోడ మీద గీసిన తెల్ల గీతకి కింద తగిలితే పాయింటు పోతుంది. అంపైరు ఉండడు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి.

ఆ ఆటని మళ్ళీ బతికించాలని మాస్టారు పట్టుబట్టారు. సెలవుల్లో కూడా వచ్చి గోడల నాచు గీకారు. అప్పటికే ఆ గోడల మీద పక్కింటి సోమాలమ్మ పిడకలు కొట్టుకుంటోంది. ఇద్దరూ ఒప్పందానికొచ్చారు: గీత పైన ఆట, గీత కింద పిడకలు.

హెడ్‌మిస్ట్రెస్ సుభాషిణిగారికి మాత్రం అక్కడ సైకిల్ షెడ్డు కావాలి. "శనివారం ఆడి చూపించండి. పిల్లలకి పనికొచ్చేదేదైనా కనిపిస్తే గోడలుంటాయి," అన్నారు.

శనివారం మాస్టారు, తొమ్మిదో తరగతి హైమ ఆడారు. పాయింట్లలో ఇద్దరూ సమానంగా వచ్చారు. ఆఖరి పాయింటుకి మాస్టారు బలమంతా పెట్టి కొట్టారు. బంతి వెళ్ళి పచ్చి పిడకలో దిగబడింది.

"కింద తగిలింది సార్," అంది హైమ.

"పైనే తగిలింది. జారి కిందకి వచ్చింది."

"జారిన బంతి పిడకలో దిగబడుతుందా సార్?"

"పిడక పచ్చిగా ఉంది. తప్పు పిడకది."

సోమాలమ్మకి రోషం వచ్చింది. "నా పిడకని ఏటీ అనకండి మాస్టారూ. పొద్దుట్నుంచి అక్కడే ఉంది. కదిలిందేటి?"

పిల్లలు సగంమంది పైన అన్నారు, సగంమంది కింద అన్నారు. సుభాషిణిగారు కుర్చీలోంచి లేచారు. "బుకాయించడం నేర్పే ఆట మనకెందుకు? సోమవారం గోడలు కొట్టించేస్తాను."

మాస్టారు గోడల వంక చూశారు. నాచు గీకిన తన వేళ్ళ వంక చూసుకున్నారు.

"తప్పు నాదే," అన్నారు.

"వినపడలేదు సార్," అంది హైమ.

"తప్పు నాదేనమ్మా. ఆట నీది."

సుభాషిణిగారు మళ్ళీ కూర్చున్నారు. "ఇరవై ఏళ్ళలో మీ నోట ఈ మాట వినడం ఇదే మొదలు. గోడలు ఉండనివ్వండి. వీలైతే ఈ ఆట మిగతా మాస్టార్లకి కూడా నేర్పండి."

సోమాలమ్మ బంతి పీకి ఇచ్చి, పిడకని మళ్ళీ చదును చేసుకుంది.

తప్పు ఒప్పుకుంటే పోయేది ఒక్క పాయింటే. బుకాయిస్తే ఆటే పోతుంది.