గురవమ్మ ఎగరేసిన చీర

అనగనగనగా, విమానాలకు కర్ర ఎముకలూ గుడ్డ రెక్కలూ ఉన్న కాలం. సముద్రం పక్కన తెల్లటి ఉప్పునేల. పెట్రోలు పోసుకోవడానికి విమానం అక్కడ దిగేది. నడిపేవాడితో కలిపి ముగ్గురు మనుషులు, ఒక టపా మూట, అంతే. ఆ మాత్రానికే మూడూళ్ల జనం వచ్చి నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు.

ఆ నేల నడుమ ఒక పొడుగాటి వెదురు గెడ. గెడకు మందపు గుడ్డ గొట్టం. గాలి ఎటు వీస్తే అది అటు ఊగేది. పైనుంచి దాన్ని చూసుకుని విమానం గాలికి ఎదురుగా దిగేది.

ఆ నేలను ఆనుకున్న ఊరి చాకలి గురవమ్మ. మురికిగుడ్డ కంటబడితే ఆమెకు అన్నం సయించదు. ఒకనాడు గెడవైపు చూసింది. "పెద్దపెద్దవాళ్లు దిగేచోట ఈ మసిగుడ్డా? ఊరి పరువేం కాను!" అనుకుంది. దించింది, ఉతికింది. ఎవర్నీ అడగలేదు. ఉతకడానికి అడగడమేమిటి, ఆమె లెక్కలో!

దాన్ని పిండుతుండగానే ఆకాశంలో మోత. ఆ నేలకు కావలి కాసే మస్తాను పరిగెత్తుకొచ్చాడు.

"గాలిగుడ్డ ఏదే గురవమ్మా?"

"ఉతికానయ్యా."

"కొంప ముంచావే! ఇయ్యాల గాలి తిరిగింది. తెలీక గాలివాటున దిగాడంటే బండి ఆగదు. అందరూ ఆ చివరున్న వాగులో పడి చస్తారు!"

గురవమ్మ తడిగుడ్డతోనే పరిగెత్తి దాన్ని గెడకెక్కించింది. నీళ్ల బరువుకు అది లేవలేదు. విమానం ఒక చుట్టు తిరిగింది.

తన ఉతుకుమూటలోంచి ఆరిన పంచె తీసి ఎత్తింది. ఎగిరింది గానీ తెల్లనేల మీద తెల్లపంచె ఎవరికి కనబడుతుంది? విమానం తప్పువైపు నుంచి కిందికి వచ్చి, భయపడి లేచిపోయింది.

ఇక మిగిలింది మోతుబరి భార్య ఆదెమ్మ పెళ్లిచీర. ఎర్రచీర. "దీనిమీద గీత పడిందా, నిన్ను గడప తొక్కనివ్వను" అని మరీ ఇచ్చింది. గురవమ్మ చీరను చూసింది. ఆకాశాన్ని చూసింది. ఒక చెంగు గెడకు ముడేసి, రెండో చెంగు గాలికి వదిలేసింది.

ఎర్రచీర బారుగా లేచింది. విమానం అవతలివైపు తిరిగి, మెల్లగా దిగింది. ముగ్గురు మనుషులు ప్రాణాలతో కిందికి వచ్చారు. గాలి మాత్రం చీరను నిలువునా చీల్చేసింది.

"నా పెళ్లిచీరే దొరికిందా నీకు?" అని ఏడ్చింది ఆదెమ్మ.

"లోపల మనుషులున్నారమ్మా" అంది గురవమ్మ.

అన్నమాట ప్రకారం ఆదెమ్మ ఆమెను మళ్లీ గడప తొక్కనివ్వలేదు. గురవమ్మ ఎవరికీ చెప్పుకోలేదు. గుడ్డ దించింది తనే కదా అనుకునేది.

ఏళ్లు గడిచి గురవమ్మ పోయింది. పాడె లేవబోతుంటే ఆదెమ్మ కర్ర ఊతంతో వచ్చింది. చిరిగిన చీరను తన చేత్తోనే ఆమె మీద కప్పింది. "నేను చీరకోసం ఏడ్చానే గురవా. ఆ ముగ్గురి ఇళ్లలో ఏడుపు లేకుండా చేసింది నువ్వు" అని భోరుమంది.

ఇప్పుడక్కడ విమానాలు దిగవు. ఎంతో ఎత్తున పోతాయి. అయినా మోత వినబడితే చాలు, చీరలు ఆరేసే ఆడవాళ్లు ఒక చెంగు పట్టుకుని రెండోది గాలికి వదులుతారు. విమానం కనుమరుగయ్యేదాకా దించరు.

"అంత పైకి కనబడుతుందా అత్తా?" అని కొత్తకోడళ్లు అడుగుతారు.

"ముందు ఎత్తి పట్టుకోవే" అంటారు అత్తలు.