సన్యాసమ్మ పెట్టిన మందు

పరదేశయ్యగారు ఏ ప్రశ్నకూ కూర్చోబెట్టి జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని పురమాయిస్తారు. చేసొచ్చాక తెలిస్తే సరి, తెలియకపోతే ఇంకో పని. ఈ సంగతి తెలిసి కూడా, కుండల కొట్టు వీరాస్వామి ఒక వేసవి ఉదయం ఆయన ఆశ్రమానికి వచ్చి, దణ్ణం పెట్టి, కడుపులో మంటంతా వెళ్ళబోసుకున్నాడు.

ఆ మంట పేరు సన్యాసమ్మ. బజారులో సరిగ్గా అతని కొట్టుకు ఎదురుగా నేలమీద కుండలు కుప్పపోసుకుని అమ్ముతుంది. నాలుగు కర్రలు, పైన తాటాకులు, అంతే. వీరాస్వామిది తండ్రి కట్టించిన పెంకుల కొట్టు. ఎండాకాలం బేరాలే ఆ ఇంటికి ఏడాది తిండి. పోయిన వేసవి సగం సరుకు మిగిలిపోయింది. ఈ వేసవీ అలాగే గడిస్తే కొట్టు మూసి కూలికి పోవడమే. పొద్దున లేస్తే ఆవిడ చుట్టూ మూగిన జనాన్ని చూసి చూసి అతనికి అన్నం సహించడం మానేసింది. ఆ కుప్ప మీద ఏ ఆంబోతో వచ్చి పడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆ మాట గురువుగారి దగ్గర దాచలేదు.

"ఇద్దరం ఒకే కుమ్మరి ఆవం నుంచి, అక్కడ కాల్చిన సరుకే తెస్తామండీ. ధరా ఒకటే. పైగా నా కొట్లో ఎవర్నీ కుండ ముట్టుకోనివ్వను. ఉంగరాల చేతుల్తో కొడితే అంచు పెచ్చులూడిపోతాది. నేనే కొట్టి చూసి, అన్నింట్లోకీ మంచిది ఏరి చేతిలో పెడతాను. అయినా దాని దగ్గరికే పోతారు. ఏదో మందు పెట్టేసిందండీ జనానికి."

పరదేశయ్యగారు అంతా విని, "మన మంచినీళ్ళ కుండ పాతబడింది, నీళ్ళు చల్లబడడం లేదు. సన్యాసమ్మ దగ్గర ఒకటి కొనుక్కురా" అన్నారు.

వీరాస్వామి మొహం మాడిపోయింది. గురువుగారి మాట కాదనలేక, తలమీద తువ్వాలు కప్పుకుని వెళ్ళాడు. బజారులో అతన్ని ఆ మాత్రానికి పోల్చుకోనివాళ్ళెవరు? సన్యాసమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టే, "రా బాబూ, సూసుకో" అంది.

"మంచిదేదో నువ్వే ఇయ్యి" అన్నాడు చిరాగ్గా.

"తాగేది మీరు. నానేటి సెప్తాను? సూసుకో" అని ఆవిడ పక్కవాళ్ళతో కబుర్లలో పడింది.

ఆవిడ సరుకులో లోపం పట్టాలనే గొంతుక్కూర్చున్నాడు. వేలి కణుపుతో ఒకటి కొట్టాడు, పక్కన పెట్టాడు. ఇంకొకటి ఎండకెత్తి లోపలికి తొంగిచూశాడు. పక్కనే ఏరుకుంటున్న ఒకావిడ "దాని మూతి వంకరగుంది, ఇది సూడు" అంటే, దానికంటే ఇదే నయమని ఆవిడతో వాదించాడు. తువ్వాలు ఎప్పుడు జారిపోయిందో చూసుకోలేదు. అడుగున ఎక్కడో ఉన్న ఒక కుండను పైకి లాగి కొడితే ఖంగుమంది. మళ్ళీ కొట్టాడు. పక్కన చిన్న పొగమచ్చ ఉంది. తన కొట్లో అయితే అలాంటిది బేరానికి పెట్టేవాడే కాదు. దాన్నే కొని, భుజానికెత్తుకుని తెచ్చాడు.

పరదేశయ్యగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "మచ్చ పడిన కుండ తెచ్చావేమిటి? ఇది అవతల పెట్టు. నీ కొట్లో అన్నింట్లోకీ మంచిది నువ్వే ఏరి పంపించు."

వీరాస్వామి కుండను రెండు చేతులా దగ్గరికి తీసుకున్నాడు. "మచ్చ పైపైనేనండీ. ఒక్కసారి మోత వినండి. కుప్పంతా వెతికితే దొరికింది నాకు. ఇదే ఉండనివ్వండి."

అనేసి, తన మాట తన చెవిన పడ్డట్టు ఆగిపోయాడు.

పరదేశయ్యగారు పాత కుండను పక్కకు జరిపి చోటు చేశారు.

"అయితే మందు నీకూ పెట్టిందన్నమాట. సరే, నీళ్ళు పొయ్యి."