మూడు తూర్పుల టముకు

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనత్త సూరమ్మ. ఉప్పుమడి గట్టు మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. ఆమె ఎట్లా చెప్పిందో అట్లాగే చెప్తున్నాను. పిల్లలూ, మధ్యలో అడ్డం రాకుండా వినండి.

వెనకటికి ఒకానొక దేశాన్ని భూరిసేనుడనే రాజు ఏలుతుండేవాడు. ఆ దేశానికి మూడు సీమలు. పైన కొండసీమ, నడుమ ఏటిసీమ, కింద సముద్రం పక్కన ఉప్పుసీమ. కొండసీమవాళ్లు కందులూ తేనే పంపేవాళ్లు. ఏటిసీమవాళ్లు వడ్లూ చేపలూ పంపేవాళ్లు. ఉప్పుసీమవాళ్లు ఉప్పు పంపేవాళ్లు. మూడూ వస్తేనే రాజుగారు అన్నం తినేది.

ఆ దేశంలో ఒక ఆచారం ఉంది. రాజు సింహాసనం మీద ఎటు మొహం పెట్టి కూర్చుంటే అదే తూర్పు. పొద్దు ఎటు పొడిచినా సరే, రాజు చూసేదే తూర్పు. రాజు తిరిగి కూర్చుంటే తూర్పు మారినట్టే. అప్పుడు టముకు కొట్టి దేశమంతా చాటాలి. అయితే దేశం పెద్దది, దారులు గతుకులు. ఒక టముకు కొండ ఎక్కేలోపల రాజు ఇంకోవైపు తిరిగేవాడు. దాంతో ఎవరి తూర్పు వాళ్లకు మిగిలిపోయింది.

ఇట్లా ఉండగా కంకాళుడనే మాంత్రికుడు ఉప్పుసీమ పెద్దగారి కూతురు ముత్యాలును ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల దీవిలో పెట్టాడు. ఉప్పుసీమవాళ్లు కొలువుకొచ్చి నిలబడ్డారు.

"రాజా, మా ఉప్పు తింటున్నావు. మా పిల్లను తెచ్చివ్వు" అన్నారు.

రాజుకు ముగ్గురు కొడుకులు. కంకాళుడి ప్రాణం ఆ దీవిలో ఒక చిలకలో ఉందని వాళ్లకు తెలిసింది. వాడి చావు తూర్పుగట్టు మీంచి వస్తుందని దేవత చెప్పిందట. అందుకని వాడు పగలంతా తూర్పుగట్టునే కాపలా కాస్తాడు. వాడు కూడా ఈ దేశంలో పుట్టినవాడే. కాబట్టి రాజు చూసేదే వాడికీ తూర్పు. రాజు తిరిగినప్పుడల్లా ఒక కాకి పోయి వాడికి చెప్పేది.

పెద్దకొడుకు బయల్దేరాడు. తూర్పు ఎటని కొండసీమలో అడిగాడు. వాళ్లు తాతరాజు నాటి తూర్పు చూపించారు. కంకాళుడు అటుంటాడనుకుని దానికి ఎదురుగట్టున దిగాడు. రాజు ఇప్పుడు చూసే తూర్పు అదే కాబట్టి, దిగితే కంకాళుడి ఒళ్లోనే దిగాడు! వాడు బెత్తంతో కొట్టి పొట్టేలును చేశాడు. నడిపివాడు బయల్దేరాడు. ఏటిసీమలో అడిగాడు. వాళ్లు తండ్రిరాజు నాటి తూర్పు చూపించారు. వాడూ పొట్టేలు అయ్యాడు. పున్నమికి రెండు పొట్టేళ్లనూ బలి ఇస్తానని కంకాళుడు కాకితో కబురు పంపాడు.

ఇక మిగిలింది చిన్నవాడు మణిధరుడు.

రాజు అతని చేతికి రాజముద్ర ఉన్న టముకు ఇచ్చాడు. "నాయనా, నీ అన్నలు తూర్పు తెలియక చెడ్డారు. నువ్వు దారిపొడుగునా ఇప్పటి తూర్పు చాటుకుంటూ పో. కానీ ఒక్క మాట. లేని తూర్పును చాటినవాడికి దేశంలో చోటు లేదు. నా కొడుకువైనా అంతే."

మణిధరుడు కొండసీమకు పోయి టముకు కొట్టాడు. తేనె పిండుకునే ముసలివాడొకడు చెవిలో వేలు పెట్టుకుని విన్నాడు.

"ఏం బాబూ, తూర్పు కొత్తదొచ్చిందా? పాతది బాగానే ఉంది కదా. మా దూడలన్నీ అటే తిరిగి పడుకుంటాయి. వాటికెవరు చెప్తారు, నువ్వు చెప్తావా?"

మణిధరుడు కొండ దిగాడు. ఏటిసీమకు పోయి టముకు కొట్టాడు. పడవ నడిపే ఆమె తెడ్డు ఆపింది.

"అట్లాగైతే మా యేరు ఇప్పుడు వెనక్కి పారాలా అబ్బాయా? దానికి నువ్వే నచ్చజెప్పు" అని పకపకా నవ్వింది.

ఉప్పుసీమకు పోయి టముకు కొట్టాడు. వాళ్లు నవ్వలేదు. "మా పిల్లను తెచ్చినాక ఎటు చూడమంటే అటు చూస్తాం" అన్నారు. వాళ్ల తూర్పు మరొకటి. భూరిసేనుడు మొట్టమొదట గద్దెనెక్కినప్పుడు చూసిన వైపు.

మణిధరుడికి తల తిరిగిపోయింది. తూర్పు ఒకటా, మూడా, నాలుగా? ఇసుకలో కూలబడ్డాడు. అక్కడ ఒక తాబేలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటోంది. లేచి దాన్ని తిప్పి పెట్టాడు.

"చల్లగా ఉండు నాయనా, ఎక్కడికి పోవాలి?" అంది తాబేలు.

"కంకాళుడి దీవికి. తూర్పు తెలియక కూర్చున్నాను."

"తూర్పంటే ఏంటో నాకూ తెలియదు. చన్నీళ్లు దాటితే ఉడుకునీళ్లు, ఉడుకునీళ్లు దాటితే ఆ దీవి. ఏటా గుడ్లు పెట్టేది అక్కడే. ఎక్కు."

తాబేలు ఏడు సముద్రాలూ ఈదింది. పొద్దున్నే దీవి కనిపించింది. కంకాళుడు ఒక గట్టు మీద బెత్తం పట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగట్టున తాటిచెట్టుకు చిలక పంజరం వేలాడుతోంది. చెట్టుకింద ముత్యాలు, రెండు పొట్టేళ్లు. కానీ దీవి ఎంత చిన్నదంటే, ఎక్కడ దిగినా వాడు రెండంగల్లో వచ్చి పడతాడు.

మణిధరుడు టముకు చేతిలోకి తీసుకున్నాడు. లేని తూర్పుకు టముకు కొడితే తనకు దేశంలో చోటు పోతుంది. కొట్టకపోతే అన్నలు పోతారు. కళ్లు మూసుకుని కొట్టాడు.

"రాజుగారు తిరిగి కూర్చున్నారహో! తూర్పు మారిందహో!" అని కొండసీమ తూర్పు చాటాడు.

రాజముద్ర టముకు మోత కంకాళుడికి తెలుసు. అటు గట్టుకు పరిగెత్తాడు. వాడు కూర్చోబోతుండగా మళ్లీ టముకు. ఈసారి ఏటిసీమ తూర్పు. వాడు ఇటు గట్టుకు పరిగెత్తాడు. మళ్లీ టముకు. ఉప్పుసీమ తూర్పు. వాడికి కళ్లు బైర్లు కమ్మి గిరగిరా తిరగసాగాడు. అప్పుడే కాకి రొప్పుతూ వచ్చింది.

"అయ్యా, రాజు నిజంగానే తిరిగాడు! ఇప్పుడు తాటిచెట్టు గట్టే తూర్పు!"

"నోర్ముయ్! చెవుల్లో టముకు మోగుతుంటే నువ్వా నాకు చెప్పేది?" అని వాడు కాకిని తరిమాడు.

ఆ సందులో మణిధరుడు తాటిచెట్టు గట్టున దిగి చిలకను పట్టుకున్నాడు.

"ముందు మా అన్నల్ని మనుషుల్ని చెయ్" అన్నాడు. కంకాళుడు బెత్తం తిప్పి చేశాడు. అయినా మణిధరుడు చిలకను పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు.

"ఇంకేం చూస్తున్నావయ్యా, ముహూర్తమా? తిప్పు మెడ!" అంది ముత్యాలు.

తిప్పాడు. కంకాళుడు కుప్పకూలాడు.

అందరూ ఇంటికొచ్చారు. రాజు కొడుకుల్ని కావలించుకున్నాడు. మణిధరుడు మాత్రం దూరంగా నిలబడ్డాడు.

"నాన్నగారూ, నేను లేని తూర్పులు మూడు చాటాను. వెళ్లొస్తాను."

రాజు మొహం మాడిపోయింది. ఆజ్ఞ తనదే, కొడుకూ తనవాడే. అటు చూశాడు, ఇటు చూశాడు. ఎటు చూస్తే ఏ దిక్కో ఆయనకే తెలియలేదు.

అప్పుడు ముత్యాలు ముందుకొచ్చింది. "ఏ తూర్పులు చాటావో పేరుపేరునా చెప్పు" అంది.

చెప్పాడు. కొలువుకొచ్చిన కొండసీమ ముసలివాడు లేచాడు. "మొదటిది మాది. లేనిదెట్లా అవుతుంది? మా దూడలు ఇప్పుడూ అటే పడుకున్నాయి." పడవ నడిపే ఆమె లేచింది. "రెండోది మాది. ఇవాళ్టికీ అదే." ఉప్పుసీమ పెద్ద లేచాడు. "మూడోది మాది. లేదన్నవాళ్లకు ఉప్పు పంపం."

మణిధరుడు చాటినవన్నీ దేశంలో ఉన్న తూర్పులే అయ్యాయి. ఇక పంపేదెవరిని? రాజు బొటబొటా కన్నీళ్లు కార్చి, సింహాసనం దిగి, "నువ్వే కూర్చో నాయనా. ఎటు కూర్చోవాలో నాకు పాలుపోవడం లేదు" అన్నాడు.

మణిధరుడు ముత్యాలును పెళ్లాడి గద్దెనెక్కాడు. కొలువును ఒక్కచోట పెట్టలేదు. కొండల్లో కొన్నాళ్లు, ఏటిగట్టున కొన్నాళ్లు, ఉప్పుమళ్ల దగ్గర కొన్నాళ్లు. ఎక్కడికి పోతే అక్కడివాళ్ల తూర్పుకే మొహం పెట్టి కూర్చున్నాడు. అట్లా తల నెరిసేదాకా చల్లగా ఏలాడు.

ఇదీ కథ. అవతలి ఊరి ఎర్రన్న మాత్రం కొండ తూర్పు, ఏటి తూర్పు అని రెండే చెప్తాడు. ముత్యాలు ఏటిసీమ పిల్లంటాడు. పదిమందిలో అది తప్పని నేనన్నందుకు, "చదువు రానివాడివి, నీకేం తెలుసు" అన్నాడు. ఆ మాట నేను మర్చిపోలేదు. రెండే అయితే మా ఉప్పుసీమ పెద్ద కొలువులో ఎందుకు లేచినట్టు? మీలో చదువుకున్నవాళ్లు ఎవరైనా ఈ కథను అచ్చు వేయిస్తే, మూడో తూర్పును దాని చోట పెట్టించండి. అది ఉప్పుసీమదని రాయించండి.