పడుగుకు రెండో చివర

అనగనగా ఒక నేతగాళ్ళ ఊళ్ళో పొడుగాటి వీధి ఒకటి ఉండేది. ఎంత పొడుగంటే, ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివరివాళ్ళు "ఆఁ?" అని రెండుసార్లు అడిగేవాళ్ళు. ఊరి పేరు అడక్కు, అది చెబితే మా పెద్దత్త కథ కూడా చెప్పాల్సొస్తుంది. కాళ్ళు చాపుకో. దుప్పటి నాక్కూడా కాస్త ఇవ్వు తల్లీ. ఆఁ, అలాగ.

ఆ వీధిలో ఓంకారం అనే నేతగాడు, పున్నమ్మ అని అతని భార్య ఉండేవాళ్ళు. వాళ్ళకి ఒక కుక్క. పేరు దొరసాని. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి పాదాలు. వీధంతా తన పేరనే రాసిచ్చినట్టు నడిచేది.

దొరసానికి ఒక ఉద్యోగం ఉండేది. నవ్వకు, నిజంగా ఉద్యోగమే. బట్ట నేయాలంటే ముందు నిలువు దారాలు సిద్ధం చేసుకోవాలి. వాటిని పడుగు అంటారు. పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఆ పడుగును వీధి పొడుగునా కర్రల మీద సాగదీసి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు, నీ జడ దువ్వినట్టు. నువ్వు ఏడుస్తావు, పడుగు ఏడవదు. అంతే తేడా.

ఆ గంజి వాసనకి మేకలు వస్తాయి. మేక ఒక్కసారి మూతి పెట్టిందంటే ఎన్ని పోగులు తెగుతాయో! అందుకే దొరసాని కాపలా. ఈ చివర మేకని తరిమి, ఆ చివరికి పరుగు. అక్కడ తరిమి, మళ్ళీ ఈ చివరికి పరుగు. పదేళ్ళు అలా పరిగెత్తింది. ఇప్పుడు వెనక కాళ్ళు కొంచెం ఈడుస్తోంది. అది ఓంకారం చూడలేదు. పున్నమ్మ చూసింది.

అప్పుడు ఒకరోజు పున్నమ్మ నూలు తేవడానికి పట్నం వెళ్ళింది. అక్కడ పశువుల ఆసుపత్రి వసారాలో, స్తంభానికి కట్టేసిన నల్లకుక్క ఒకటి కనిపించింది. దాని మెడ చుట్టూ వెంట్రుకల్లేవు. ఎవరో ఇనపతీగతో కట్టేసి వదిలిపోతే, కాంపౌండరు భూషణంగారు ఆ తీగ కోసి బతికించారట.

"ఇది రెండిళ్ళకి వెళ్ళి తిరిగొచ్చిందమ్మా," అన్నారాయన. "రెండుచోట్లా ఇంట్లో ఉన్న కుక్కతో పడలేదు. మీకు కుక్క ఉందా?"

"ఉందండీ. కానీ మాది పెద్దమనిషి," అంది పున్నమ్మ.

భూషణంగారు నిట్టూర్చారు. "సరే, తీసుకెళ్ళి చూడండి. మూడోనాడు పొద్దున నేనే వస్తాను. పడకపోతే తీసుకొచ్చేస్తాను. ఇంకోసారి తిరిగొచ్చిందంటే దీన్ని ఎవరూ అడగరు. ఇక ఈ స్తంభమే దీని ఇల్లు."

పున్నమ్మ ఆ మాట మూటగట్టుకుని, కుక్కను వెంటబెట్టుకుని ఇంటికి బయల్దేరింది.

ఇంటికి కొత్తగా ఎవరైనా వస్తే ఏం చేయాలో పున్నమ్మకి ఒక్కటే తెలుసు. నల్లకుక్కను గుమ్మంలో నిలబెట్టింది. ఎర్రనీళ్ళతో దిష్టి తీసింది. కర్పూరం వెలిగించింది. నుదుట బొట్టు పెట్టింది. పక్కింటి సూరమ్మ హారతి పాట కూడా ఎత్తుకుంది, కొత్తకోడలు వచ్చినట్టే!

నల్లకుక్కేమో మంట చూసి వణికింది. దొరసానేమో తన గుమ్మంలో, తన మనుషుల చేత, తనకి ఏనాడూ పెట్టని బొట్టు ఇంకో కుక్క నుదుట చూసింది.

అంతే! పళ్ళెం ఒకవైపు, కర్పూరం ఒకవైపు, ఎర్రనీళ్ళన్నీ సూరమ్మ చీర మీద. నల్లకుక్క చెవి అంచు చిరిగింది. అది మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే గుంటలో దూరి, సాయంత్రం దాకా బయటికి రాలేదు.

ఆ తర్వాత రెండోరోజు. ఒకే గిన్నెలో తింటే స్నేహం కుదురుతుందని పున్నమ్మ పెద్ద గిన్నెలో పెరుగన్నం కలిపి ఇద్దరి మధ్యా పెట్టింది. గిన్నె గాల్లోకి లేచింది. అన్నం చూరుకి అంటుకుంది. నల్లకుక్క మళ్ళీ గుంటలోకి.

సూరమ్మ గోడ మీద నుంచి తొంగిచూసి, "సవతులిద్దరికీ ఒకటే కంచమా! ఎక్కడ నేర్చావే పున్నా ఈ కాపురం?" అంది. నిన్నటి చీర కోపం అది.

ఆ సాయంత్రం ఓంకారం నెమ్మదిగా అన్నాడు. "రేపు భూషణంగారు వస్తే పంపేద్దాం. దానికి పేరు మాత్రం పెట్టకు. పెట్టావంటే పంపలేవు."

"పెట్టలేదు," అంది పున్నమ్మ. కానీ ఒక పేరు అప్పటికే ఆమె నాలుక చివర ఉంది.

మూడోరోజు పడుగు వేసే రోజు. నల్లకుక్కను ఇంట్లో పెట్టి తలుపేస్తే వీధంతా లేచేలా ఏడ్చింది. బయట వదిలితే దొరసాని. ఏం చేస్తుంది పున్నమ్మ? తాడు చేత్తో పట్టుకుని, పడుగు రెండో చివరికి తనతోపాటు తీసుకెళ్ళింది. ఎంత దూరమైతే అంత మంచిదనుకుంది. ఈ చివర ఓంకారం, దొరసాని. ఆ చివర పున్నమ్మ, నల్లకుక్క. మధ్యలో నలభై గజాల పడుగు.

గంజి పట్టించారు. చుట్టుపక్కలవాళ్ళు వచ్చి కుంచెలు పట్టారు. తుంపరలు దొరసాని మీద పడ్డాయి, నల్లకుక్క మీదా పడ్డాయి.

నల్లకుక్క పడుగు నాకిందా అంటావా? లేదే! గిన్నెడు ఆకలితో ఉండి కూడా పడుగు జోలికి పోలేదు.

అప్పుడు మేకలొచ్చాయి, మూడు. అవి తెలివైనవి. దొరసాని ఈ చివర ఉందంటే ఆ చివరికే పోతాయి. దొరసాని లేచింది. కాళ్ళు ఈడ్చుకుంటూ పరుగు మొదలుపెట్టింది. సగం దూరం కూడా రాలేదు.

"భౌ!"

నల్లకుక్క! ఆ ఇంటికొచ్చాక మొదటి మొరుగు. మూడు మేకలూ మూడు సందుల్లోకి పారిపోయాయి.

దొరసాని ఆగింది. పదేళ్ళలో ఆ చివర నుంచి ఎవరూ మొరగలేదు. కాసేపు అటే చూసింది. చూసి, వెనక్కి తిరిగి, తన చివరికి వెళ్ళి కూర్చుంది. పడుగు రోజున దొరసాని కూర్చోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు తల్లీ. ఓంకారం కుంచె ఆపి చూశాడు.

ఆ తర్వాత పడుగు ఆరింది. ఇక చుట్టాలి. ఓంకారం గుండ్రటి కర్రకి పడుగు చుట్టుకుంటూ, ఒక్కో చుట్టుకి ఒక్కో అడుగు ముందుకు వేస్తున్నాడు. దొరసాని అతని పక్కనే అడుగు వేయాలి, అది దాని పద్ధతి. పున్నమ్మకి అప్పుడు తెలిసొచ్చింది. పడుగు తగ్గేకొద్దీ రెండు కుక్కల మధ్య దూరం తగ్గుతోంది! తన చివర వదిలిందా, దారాలన్నీ చిక్కుపడతాయి. తాడు కాలి కింద తొక్కిపట్టి, కదలకుండా నిలబడింది.

ముప్ఫై గజాలు. ఇరవై. పది.

వీధి మొదట్లో సైకిల్ గంట మోగింది. భూషణంగారు. చేతిలో తాడు.

మూడు గజాలు. ఒక గజం.

దొరసాని ముక్కు చాచింది. నల్లకుక్క మూతి గంజి వాసన. తన మూతీ గంజి వాసనే. అప్పుడు చిరిగిన చెవిని, తానే చింపిన చెవిని, ఒక్కసారి నాకింది. నాకి, ఇటు తిరిగి, నల్లకుక్కకి వీపు ఆనించి, వీధివైపు చూస్తూ కూర్చుంది. నమ్మనివాళ్ళకి ఏ కుక్కా వీపు ఇవ్వదు.

భూషణంగారు సైకిల్ దిగి దగ్గరికొచ్చారు.

"తీసుకెళ్ళనా అమ్మా?" అన్నారు భూషణంగారు.

ఓంకారం పడుగు కర్ర భుజానికి ఎత్తుకున్నాడు. "తీసుకెళ్ళండి బాబూ. కాకపోతే మళ్ళీ పడుగు వేసేనాడు ఆ చివర మీరొచ్చి కూర్చోవాలి. మేకల మీద మొరగడం వచ్చా మీకు?"

వీధంతా ఒకటే నవ్వు! భూషణంగారు కళ్ళద్దాలు తుడుచుకుని, "నాకెక్కడ వస్తుందయ్యా," అని తాడు సైకిల్‌కి చుట్టేసుకున్నారు.

ఓంకారం పున్నమ్మవైపు చూశాడు. "పేరు పెట్టలేదుగా?"

"పేక," అంది పున్నమ్మ, అడగడమే ఆలస్యం అన్నట్టు. పేక అంటే బట్టలో అడ్డదారం, నాడెలో పెట్టి పడుగు మధ్య అటూ ఇటూ విసిరేది. నిలువు దారం ఎంత గొప్పదైనా, అడ్డదారం లేందే బట్ట కాదు కదా!

అప్పుడు సూరమ్మ కుంకుమ భరిణె తెచ్చింది. ముందు దొరసానికి బొట్టు పెట్టింది, తర్వాత పేకకి. హారతి మాత్రం వద్దంది, చీర కొత్తదట. ఇక అందరూ ఇంటిదారి పట్టారు. ముందు పడుగు, వెనక రెండు కుక్కలు పక్కపక్కనే, వాటి వెనక వీధి వీధంతా. కాళ్ళీడ్చే దొరసాని నెమ్మదిగా నడిస్తే, పేక కూడా నెమ్మదిగానే నడిచింది. సందుల్లోంచి మూడు మేకలు చూస్తూ ఉండిపోయాయి.

పడుగు మగ్గానికి, పేక నాడెకి,
పెరుగన్నం రెండు గిన్నెలకి,
తాడు తిరిగి పట్నానికి,
కథేమో కంచికి, కళ్ళేమో నిద్రకి!