సుంకన్న పాతరలోకి దిగిన రోజు

అనగా అనగా, వాన పడితేనే పొయ్యి వెలిగే ఒక మెట్ట ఊళ్ళో సుంకన్న అనే రైతు ఉండేవాడు. అతని పెళ్ళాం మద్దమ్మ. వాళ్ళకి ఇద్దరు ఆడపిల్లలు. పక్కింట్లో ఈరమ్మ.

ఈరమ్మ తన చేలో జొన్న వేసేది. జొన్న సాళ్ళ మధ్య కంది, గట్ల మీద అలసందలు. అన్నీ ఇంట్లో తినడానికే. ఆమెకి తిండికి లోటు లేదు. చీర చిరిగితే మాత్రం రెండేళ్ళు అదే కుట్టుకుని కట్టేది.

సుంకన్నకి అది నామోషీ. చేనంతా పత్తి వేశాడు. పత్తి అమ్మి, అంగట్లో బియ్యం కొన్నాడు. మొదటి ఏడు మద్దమ్మకి కొత్త చీర వచ్చింది. రెండో ఏడు రేడియో వచ్చింది. దాన్ని అరుగు మీద పెట్టి, ఎవరూ అడక్కపోయినా వీధందరికీ పత్తి ధరలు వినిపించేవాడు. మూడో ఏడు వాన వచ్చింది.

వాగు పొంగి దారిని ఎత్తుకుపోయింది. అంగట్లో బియ్యం అయిపోయాయి. ఆ తర్వాత నూకలు. ఆ తర్వాత అంగడివాడు తలుపేసుకున్నాడు. సుంకన్న ఇంట్లో దూలాల దాకా పత్తి ఉంది. పత్తి మీద పడుకోవచ్చు గాని, ఉడకబెట్టుకుని తినలేం కదా బుజ్జీ.

రెండు రోజులు పిల్లలు గంజినీళ్ళు తాగారు. మూడో రోజు చిన్నది ఏడవడం మానేసింది. ఏడవని పిల్లని చూస్తేనే భయం.

ఈరమ్మని అడుగుదామంది మద్దమ్మ. మూడేళ్ళు ఆమె జొన్నల్ని వెక్కిరించిన నోరు ఎలా అడుగుతుంది? అప్పుడు సుంకన్నకి వాకిట్లో పాతర గుర్తొచ్చింది. పాతరంటే నేలలో తవ్విన లోతైన గొయ్యి. జొన్నలు పోసి, పైన బండ పెట్టి, మట్టితో మెత్తేవారు. పాత జొన్నలు అడుగున కొన్నయినా ఉంటాయని అతని ఆశ.

పాతర తెరవగానే దిగకూడదు. లోపల గాలి చెడి ఉంటుంది. ఒక పూట తెరిచి ఉంచాలి. ఆ తర్వాత తాడుకి దీపం కట్టి దించాలి. దీపం బతికితేనే మనిషి దిగాలి. ఊరందరికీ తెలుసు. సుంకన్నకీ తెలుసు. మూడేళ్ళు పాతర తెరవని మనిషి, ఆకలి తొందరలో మరిచిపోయాడు.

బండ తీసీ తీయగానే నడుముకి తాడు కట్టుకుని దిగాడు. పైకొస మద్దమ్మ పట్టుకుంది.

"మామా, ఉండావా?"

"ఊ" అన్నాడు గట్టిగా.

మళ్ళీ పిలిచింది. ఊ వచ్చింది, పక్క ఊరినుంచి వచ్చినట్టు.

మూడోసారి పిలిచింది. తాడు బరువెక్కింది.

నువ్వు ఊ కొట్టు బుజ్జీ, ఆపకు.

మద్దమ్మ లాగింది. మనిషి కదల్లేదు. పెద్దపిల్ల పరుగెత్తి ఈరమ్మని తీసుకొచ్చింది. ఈరమ్మ ఒక్కటే అడిగింది.

"దీపం దించితిరా?"

మద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

అప్పటికి వీధి వీధంతా చేరింది. ఎలుగుబంటిని కొట్టానని చెప్పుకునే మద్దిలేటి తను దిగుతానన్నాడు. ఈరమ్మ వద్దనగానే ఎంత తొందరగా ఒప్పుకున్నాడో.

"దిగితే శవాలు రెండవుతాయి. లాగండి" అంది ఈరమ్మ.

అందరూ లాగారు. సుంకన్న పైకి వచ్చాడు. పెదాలు నేరేడుపండు రంగులో ఉన్నాయి. నీళ్ళు చల్లారు, కదల్లేదు. పక్కకి దొర్లించారు, కదల్లేదు. ఆ తర్వాత ఈరమ్మ రెండు చేతులతో రొమ్ము మీద నొక్కింది, నొక్కింది, నొక్కింది. అప్పుడు ఒక ఊపిరి వచ్చింది.

అతని గుప్పిట విప్పి చూశారు. జొన్నలు కావు, నల్లటి బూజు.

ఆ పూట పిల్లలిద్దరూ ఈరమ్మ ఇంట్లో రొట్టె తిన్నారు. ఈరమ్మ ఒక్క దెప్పుమాట అనలేదు. అలాంటి వింత ఆ ఊళ్ళో మళ్ళీ జరగలేదు.

మరుసటి ఏడు విత్తే వేళకి మద్దమ్మ చేలో కాలితో గీత గీసింది.

"ఇక్కడిదాకా మన కడుపుది మామా. అవతలిది నీ అంగడిది."

ఎద్దులతో కూడా వాదించే సుంకన్న జొన్న విత్తనం చేతిలోకి తీసుకున్నాడు. గీత ఇవతల చల్లాడు, ఒక్క గింజ కూడా అవతల పడకుండా.

కథ కంచి దారి పట్టె,
ఇంట్లో మనకి కునుకు పట్టె.